టిల్ట్-షిఫ్ట్ లెన్స్: 24 కొనాలా, 50 కొనాలా, 90 కొనాలా?

"అన్నా, పొలాలూ సముద్రమూ తీయడానికి పనికి రావాలి, దగ్గర్నుంచి వడ్లగింజలూ పూలూ తీయడానికీ పనికి రావాలి. టిల్ట్-షిఫ్ట్ ఒకటే కొనగలను. ఏది కొనమంటావు?" అని కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వెంటనే 24 మి.మీ. అని చెప్పేశాను (ఈ అంకె లెన్స్ ఫోకల్ లెంగ్త్; తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పుగా, పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది). ఎవరిని అడిగినా అదే చెబుతారు. రెండు రోజులు ఆలోచించాక ఆ సలహా అతనికి సరిపోదనిపించి, మళ్లీ ఫోన్ చేసి మార్చి చెప్పాను. ఎందుకు మార్చానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లక్ష దాటే వస్తువు కొనేటప్పుడు అందరూ చెప్పే మాట ఒక్కటే ఆధారం కాకూడదు.

ముందుగా, ఈ లెన్స్ చేసే రెండు పనులు

షిఫ్ట్ అంటే లెన్స్ పైకో కిందికో పక్కకో జరగడం. నెల్లూరు రంగనాయకుల గుడి గాలిగోపురం ముందు నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. కెమెరాను సమంగా ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరిపితే గోపురం నిటారుగా నిలబడుతుంది.

టిల్ట్ అంటే లెన్స్ వంగడం. మామూలు లెన్స్‌లో ఫోకస్ అయ్యే తలం సెన్సార్‌కు సమాంతరంగా, గోడలా నిలబడి ఉంటుంది. లెన్స్‌ను కొంచెం ముందుకు వంచితే ఆ గోడ పడుకుంటుంది. నేల మీద చాపలా పరుచుకుంటుంది అనుకోండి. బెలూన్ల నుంచి తీసిన ఫోటోల్లో వంకరలు సరిచేయడానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంఫ్లుగ్ 1904లో పేటెంట్ తీసుకున్న పద్ధతి వెనక ఉన్నది ఈ సూత్రమే. అందుకే దీనికి ఆయన పేరు నిలిచింది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. టిల్ట్ స్పష్టతను పెంచదు, ఉన్న స్పష్టతను మనకు కావలసిన దిక్కుకు తిప్పుతుంది. మీరు తీసే దృశ్యంలో చాప పరచదగిన తలం ఒకటి ఉంటేనే ఇది పనికొస్తుంది. ఉప్పు మడి, వరి కయ్య, ఎండబెట్టిన వడ్లు, గ్రానైట్ పలక, తామరాకులతో నిండిన చెరువు, ఇవన్నీ తలాలు. చింతచెట్టు తలం కాదు.

లెన్స్‌ను తేల్చే రెండు ప్రశ్నలు

పేరు, కంపెనీ, ధర తర్వాత చూద్దాం. ముందు రెండింటికి జవాబు కావాలి. కెమెరాను నేలకు ఎంత ఎత్తులో పెడతారు? వస్తువును ఎంత పెద్దగా చూపాలి? మొదటిది దూరపు దృశ్యాలకు, రెండోది దగ్గరి ఫోటోలకు.

మొదటి దానికి ఒక చిన్న లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను (మిల్లీమీటర్లలో) కెమెరా ఎత్తుతో (సెంటీమీటర్లలో) భాగించి 5.7తో గుణిస్తే, నేలంతా ఫోకస్‌లోకి రావడానికి సుమారుగా ఎన్ని డిగ్రీలు వంచాలో తేలుతుంది. దాంతోపాటు, టిల్ట్ లేకుండా ఎఫ్/16లో (అంటే అపర్చర్‌ను, వెలుతురు వచ్చే రంధ్రాన్ని, బాగా మూసి) హైపర్‌ఫోకల్ దూరానికి (ఆకాశం దాకా స్పష్టంగా ఉంచే అతి దగ్గరి ఫోకస్ దూరానికి) ఫోకస్ చేస్తే స్పష్టత ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా పక్కనే పెట్టాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు, మామూలుగా వాడే 0.03 మి.మీ. ప్రమాణంతో (సెన్సార్ మీద చుక్క ఇంతకంటే పెద్దదైతే మసక అనుకునే కొలత) వేసిన లెక్క ఇది.

| లెన్స్ | ఎత్తు 60 సెం.మీ. అయితే టిల్ట్ | 1 మీటరు అయితే | 1.5 మీటర్లు అయితే | టిల్ట్ లేకుండా ఎఫ్/16లో స్పష్టత మొదలు |
|---|---|---|---|---|
| 17 మి.మీ. | 1.6° | 1° | 0.6° | 0.3 మీ. |
| 24 మి.మీ. | 2.3° | 1.4° | 0.9° | 0.6 మీ. |
| 50 మి.మీ. | 4.8° | 2.9° | 1.9° | 2.6 మీ. |
| 90 మి.మీ. | 8.6° | 5.2° | 3.4° | 8.5 మీ. |
| 135 మి.మీ. | 13° (కుదరదు) | 7.8° | 5.2° | 19 మీ. |

చివరి నిలువు వరసను రెండోసారి చూడండి. నేను మనసు మార్చుకున్నది అక్కడే. 24 మి.మీ. లెన్స్‌కు టిల్ట్ లేకపోయినా ఎఫ్/16లో అరవై సెంటీమీటర్ల నుంచి ఆకాశం దాకా దాదాపు స్పష్టంగానే వస్తుంది. అంటే ల్యాండ్‌స్కేప్‌లో దాని టిల్ట్ తీర్చే అవసరం చిన్నది. ఎఫ్/16 బదులు ఎఫ్/8లో తీయొచ్చు, గాలికి ఊగే వరి కదలకుండా వస్తుంది, దూరపు వివరం ఇంకా పదునుగా ఉంటుంది. అది లాభమే, కాదనను. 90 మి.మీ. దగ్గర మాత్రం ఎనిమిది మీటర్ల లోపల ఉన్నదంతా మసక. టిల్ట్ లేకుంటే ఆ ఫోటోనే లేదు.

ఇస్కపల్లి వైపు ఉప్పు మడుల్లో నాకిది కళ్లకు కట్టింది. తెల్లవారుజామున, ట్రైపాడ్ కాళ్లు చాపి కెమెరాను మోకాలి కంటే కొంచెం పైకి పెట్టాను. ముందు మడి అంచున నీళ్ల మీద ఉప్పు పొర అప్పుడే కడుతోంది. సన్నటి గాజుపెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన చదరపు గింజలు. వెనకాల వరసగా తెల్లటి కుప్పలు. 24తో తీస్తే గింజలూ కుప్పలూ రెండూ స్పష్టంగానే వచ్చాయి, కానీ కుప్పలు ఎక్కడో ముగ్గుచుక్కల్లా అయిపోయాయి. 90 పెట్టి, నాబ్ తిప్పుతూ ఎనిమిది డిగ్రీలు దాటించేసరికి ముందున్న ఉప్పు పలుకూ ఆఖరి కుప్పా ఒకేసారి స్క్రీన్ మీద బిగుసుకున్నాయి. కుప్పలు కొండల్లా దగ్గరికొచ్చాయి. అటుగా పార పట్టుకుని వెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏందయ్యా, ఉప్పులో అంతసేపు ఏం జూస్తాండావు?" అన్నాడు. స్క్రీన్ చూపిస్తే వంగి చూసి, "ఈ పొర ఇంకా పచ్చిది, రేపటికి గట్టి పడుద్ది" అని చెప్పాడు. ఆ పొర మరునాటికి ఇలా ఉండదని ఆయన చెబితేనే తెలిసింది.

టిల్ట్ చెడగొట్టే సందర్భమూ చెప్పాలి. ఫోకస్‌లో ఉండే మందం కెమెరా దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ లావుగా, చీల ఆకారంలో ఉంటుంది. కాబట్టి దగ్గర్లో ఒక తాటిచెట్టు నిలబడి ఉందనుకోండి, మొదలు స్పష్టంగా, తల మసకగా వస్తుంది. మైపాడులో ఒడ్డుకు లాగిన పడవలను ముందు పెట్టుకుని తీస్తే వాటి ముక్కులు ఇలాగే పోయాయి. అలాంటి చోట టిల్ట్ సున్నా చేసి అపర్చర్ మూయడమే మంచిది.

దగ్గరి ఫోటోల లెక్క వేరు

దగ్గరికి వెళ్లేకొద్దీ టిల్ట్ బలం తగ్గుతుంది. చాలామంది కొన్నాక తెలుసుకునే సంగతి ఇది. ఇక్కడ ఫోకల్ లెంగ్త్‌తో పని లేదు. వస్తువు సెన్సార్ మీద ఎంత సైజులో పడుతోంది అన్నదే లెక్క. లెన్స్‌ను 8.5 డిగ్రీలు పూర్తిగా వంచితే, సెన్సార్‌తో పోల్చి ఎంత ఏటవాలుగా ఉన్న తలాన్ని ఫోకస్‌లోకి తేగలమో చూడండి.

| వస్తువు సైజు | ఎంత ఏటవాలు తలం దాకా |
|---|---|
| పదో వంతు (0.1x) | సుమారు 65° |
| పావు (0.25x) | సుమారు 39° |
| సగం (0.5x) | సుమారు 25° |
| అసలు సైజు (1x) | 17° |

పళ్లెంలో పోసిన వడ్లను పక్కనుంచి ఏటవాలుగా తీయాలంటే 0.1x, 0.2x దగ్గర హాయిగా కుదురుతుంది. ఒకే వడ్లగింజను ఫ్రేమ్ నిండా తీయాలంటే కెమెరాను దాదాపు ఎదురుగా పెట్టాల్సిందే, టిల్ట్ కొద్దిపాటి సాయం చేస్తుంది. ఆ సైజులో అపర్చర్ మూస్తే కూడా ఇబ్బందే. సగం సైజులో ఎఫ్/11 పెడితే అది సుమారు ఎఫ్/16లా పనిచేస్తుంది, అసలు సైజులో ఎఫ్/22లా. డిఫ్రాక్షన్ వల్ల (సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం వల్ల) పదును తగ్గిపోతుంది.

కాబట్టి దగ్గరి ఫోటోల్లో 50కీ 90కీ తేడా టిల్ట్‌లో లేదు, వస్తువుకూ లెన్స్‌కూ మధ్య మిగిలే చోటులో ఉంది. కెనాన్ 50 సగం సైజుకు సెన్సార్ నుంచి 27 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, 90 అయితే 39, 135 అయితే 49 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతాయి. 24 కూడా 21 సెంటీమీటర్లకు ఫోకస్ అవుతుంది, 0.34x ఇస్తుంది, కాగితం మీద బాగుంది. చేతిలోకి తీసుకుంటే లెన్స్ మూతి వస్తువుకు ఆనినంత పని అవుతుంది, దాని నీడ వస్తువు మీదే పడుతుంది. పొద్దుటి ఏటవాలు వెలుతురులో మంచుబిందువులు తీయడానికి అది సరిపడదు.

తూనీగలు, ఎండ్రకాయలు, సీతాకోకచిలుకలు తీయాలనుకునేవాళ్లకు నా మాట: ఈ లెన్సులు వద్దు. వీటికి ఆటోఫోకస్ ఉండదు, నాబులు తిప్పి తలం కుదిర్చేలోపు పురుగు ఎగిరిపోతుంది. ఆ డబ్బులో నాలుగో వంతుతో మంచి 100 మి.మీ. మాక్రో (దగ్గరి ఫోటోల లెన్స్) వాడింది దొరుకుతుంది.

ఇక ఒక్కొక్కటీ

*17 మి.మీ., 19 మి.మీ.* కెనాన్ 17 (ఎఫ్/4, 2009), నికాన్ 19 (ఎఫ్/4, 2016). ఇవి గుళ్లు, ఇళ్లు, ఇరుకు వీధుల కోసం పుట్టినవి. కెనాన్ 17 ముందు గాజు బుడగలా ఉబ్బి ఉంటుంది, ఫిల్టర్ బిగించడానికి మర ఉండదు. సముద్రం దగ్గర ఉప్పుతుంపర నేరుగా ఆ గాజు మీదే పడుతుంది. పొలాలూ పూలూ తీసేవాళ్లు వీటి జోలికి పోనక్కర్లేదు.

*24 మి.మీ.* కెనాన్ రెండో తరం 24 (ఎఫ్/3.5, 2009) బరువు 780 గ్రాములు, టిల్ట్ 8.5 డిగ్రీలు, షిఫ్ట్ అటూ ఇటూ 12 మి.మీ. దీని అసలు బలం షిఫ్ట్. కెమెరా కదపకుండా లెన్స్‌ను ఎడమకు, మధ్యకు, కుడికి జరిపి మూడు ఫోటోలు తీసి అతికిస్తే 36 మి.మీ. వెడల్పు సెన్సార్ 60 మి.మీ. అయినట్టు లెక్క. 74 డిగ్రీల చూపు 103 డిగ్రీలకు పెరుగుతుంది, గీతలు వంగవు. సోమశిల జలాశయం అంచున నిలబడితే దీని విలువ తెలుస్తుంది. గోపురాలు కూడా మీ జాబితాలో ఉంటే 24 సరైనదే. నికాన్ 24 (2008) కూడా దగ్గరదగ్గర ఇలాంటిదే, ఒక పెద్ద తేడా ఉంది. నికాన్ 24, 45, 85 మూడింటిలోనూ టిల్ట్, షిఫ్ట్ ఒకదానికొకటి అడ్డంగా బిగించి ఉంటాయి. ల్యాండ్‌స్కేప్‌లో కిందికి వంచి, కిందికే జరపాలి కదా, అది కుదరదు. సర్వీస్‌లో విప్పి మార్పించుకోవాలి. కెనాన్ కొత్త ఐదింటిలో ఆ దిశను అక్కడికక్కడే తిప్పుకోవచ్చు.

సమ్యాంగ్ 24 ధరలో చాలా తక్కువ, కదలికలు కెనాన్‌తో సమానం. అపర్చర్ కూడా చేత్తోనే తిప్పుకోవాలి. టిల్ట్-షిఫ్ట్ నేర్చుకోవడానికి కొనేవాళ్లకు ఇది చాలు. నాబులు మాత్రం కెనాన్‌వంత గట్టిగా నిలవవు.

*45, 50 మి.మీ.* కెనాన్ 50 మాక్రో (ఎఫ్/2.8, 2017), నికాన్ మైక్రో 45. రెండూ సగం సైజు దాకా వెళ్తాయి. కెనాన్ పాత 45 అలా కాదు, 0.16x దగ్గరే ఆగుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపడి వాడినది కొనేయకండి. మన నేల చదును. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా కోస్తా పట్టీలో 24 పెడితే సగం ఫ్రేమ్ ఖాళీ ఆకాశం, మిగతా సగం ఖాళీ నేల. 50 అయితే గట్టూ, కయ్యా, దూరపు తాటిచెట్ల వరసా తగినంత సైజులో కూర్చుంటాయి. నడుము ఎత్తులో మూడు డిగ్రీలు వంచితే చాలు, ఇంకా ఐదు డిగ్రీలకు పైగా చేతిలో ఉంటుంది. రెండు పనులకూ ఒకే లెన్స్ అంటే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, నా ఓటు దీనికే. బరువు 945 గ్రాములు, అది భరించాలి.

*85, 90 మి.మీ.* ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. కెనాన్ కొత్త 90 మాక్రో (2017) టిల్ట్ 10 డిగ్రీలు, సగం సైజు, 915 గ్రాములు. నికాన్ 85 కూడా సగం సైజే. 1991లో వచ్చిన కెనాన్ పాత 90 మాత్రం 565 గ్రాములే. టిల్ట్ 8 డిగ్రీలు, షిఫ్ట్ 11 మి.మీ., సైజు 0.29x. దానికి 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) వేస్తే సగం సైజు దాటుతుంది. గాజు నాణ్యతలో కొత్తది మెరుగు, అయినా పాతది ఇప్పటికీ మంచి పదునే ఇస్తుంది. ఉదయగిరి కొండ కింద నిలబడి కొండనూ ముందున్న పొలాన్నీ ఒకే ఎత్తున నిలబెట్టాలంటే 90 కావాలి.

*135 మి.మీ.* 1,110 గ్రాములు. స్టూడియోలో వస్తువుకు దూరంగా నిలబడి తీసేవాళ్లకు. పొలం గట్ల మీద మోయడానికి కాదు.

వీటికి తోడు లావోవా 2024లో 55, 100 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ మాక్రోలను అసలు సైజు దాకా వెళ్లేలా తెచ్చింది. పై పట్టిక చూశాక తెలిసే ఉంటుంది, అసలు సైజులో టిల్ట్‌తో దక్కేది కొంచెమే. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ కెమెరా ఉన్నవాళ్లకు 2023 నుంచి 30, 110 మి.మీ. ఉన్నాయి.

గ్రానైట్, అభ్రకం పని చేసేవాళ్లకు

చీమకుర్తి వైపు నుంచి పలకల ఫోటోల గురించి అడిగేవాళ్లున్నారు కాబట్టి కొంచెం విడిగా రాస్తాను. పాలిష్ చేసిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక నల్లటి అద్దంతో సమానం. ఎదురుగా నిలబడితే అందులోని బంగారు చుక్కలకంటే ముందు మీరూ మీ కెమెరా కనిపిస్తారు. పక్కకు జరిగి నిలబడి, కెమెరా వెనక భాగాన్ని పలకకు సమాంతరంగానే ఉంచి, లెన్స్‌ను పలక వైపు షిఫ్ట్ చేయండి. పలక నలుచదరంగా వస్తుంది, మీ ప్రతిబింబం ఫ్రేమ్ బయటికి పోతుంది. పెద్ద పలకకు 50, చేతి సైజు నమూనాకు 90. పని ఇదొక్కటే అయితే టిల్ట్ కోసం డబ్బు పెట్టకండి, షిఫ్ట్ మాత్రమే ఉన్న లెన్స్ కూడా పనికొస్తుంది. లావోవా 15, 20 అలాంటివే, కానీ ఈ పనికి అవి మరీ వైడ్.

సైదాపురం అభ్రకం రేకు కథ దీనికి తిరగబడుతుంది. రేకును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే పొరలు మెరుస్తాయి, ఏటవాలుగా పట్టుకుంటే సగం మసక. అక్కడ టిల్ట్ ఉన్న 90 లేకుండా నేను ఒక్క మంచి ఫోటో తీయలేకపోయాను.

వాడినది కొనేటప్పుడు

నేను మొదటి 90ని ఒక పెద్ద ఊరి దుకాణంలో వాడినది కొన్నాను. గాజు అద్దంలా ఉంది, మూత తీసి రెండు ఫోటోలు తీసి డబ్బు ఇచ్చేశాను. ఇంటికొచ్చి కెమెరాను కిందికి వంచి పెట్టి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే, బిగించిన షిఫ్ట్ తన బరువుకు తానే జారుతోంది. ప్రతి ఫోటోలోనూ గింజలకు తోకలు. తిరిగి తీసుకోమంటే ఒప్పుకోలేదు. బాగు చేయించడానికి అయిన ఖర్చుతో కలిపితే మంచి లెన్స్ ధరే అయింది.

మీరు అలా చేయకండి. షిఫ్ట్‌ను చివరిదాకా జరిపి, నాబ్ బిగించి, లెన్స్‌ను నేలవైపు వేలాడదీసి ఒక నిమిషం ఆగి గీత చూడండి. టిల్ట్ సున్నా దగ్గర పెట్టి గోడకు అంటించిన దినపత్రికను తీసి నాలుగు మూలల అక్షరాలనూ పోల్చండి. ఒక పక్క మసకగా ఉంటే సున్నా నిజమైన సున్నా కాదన్నమాట. కదిలే భాగాల్లో ఇసుక కరకర వినిపిస్తే వదిలేయండి. ఈ లెన్సుల్లో చాలావాటికి నీళ్లనూ దుమ్మునూ ఆపే సీలింగ్ లేదు. కొత్తపట్నం ఒడ్డున ఒక్క సాయంత్రం వాడినా ఇంటికొచ్చాక కొంచెం తడిపిన మెత్తటి బట్టతో తుడవాల్సిందే.

కెనాన్ లెన్స్‌ను సోనీ కెమెరాకు వేసుకోవాలనుకుంటే, అపర్చర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి ఎలక్ట్రానిక్ కాంటాక్టులున్న అడాప్టరే తీసుకోండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు వెలుతురు కొలత షిఫ్ట్ చేయకముందే తీసుకుని మాన్యువల్‌లో పెట్టుకోవాలి, జరిపాక మీటర్ తప్పు చూపిస్తుంది.

ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసిన ఫోటోలను ఒకటిగా కలపడం) ఉండగా ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్లకూ జవాబు ఉంది. కదలని వస్తువుకు స్టాకింగ్ చాలు, డబ్బు మిగుల్చుకోండి. గాలికి ఊగే వరినీ, ఒడ్డుకొచ్చే అలనూ పది ఫోటోలుగా తీసి కలపలేరు. టిల్ట్ ఒక్క క్లిక్‌లో పని ముగిస్తుంది.

కొనేముందు వీలైతే చెన్నైలో అద్దెకు తీసుకోండి, నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. కావలి తమ్ముడు అలాగే 50, పాత 90 మూడేసి రోజులు తెచ్చుకున్నాడు. అతని దగ్గర 24-70 జూమ్ ఎలాగూ ఉంది, వైడ్ దృశ్యాలు దాంతో నడుస్తాయి. కళ్లంలో ఆరబోసిన వడ్లను నేలకు జానెడు ఎత్తున తీస్తానని పట్టుబట్టాడు. అంత కిందికి వెళ్తే 90కి టిల్ట్ చాలదు, 50కి కూడా చాలదు. ఎత్తు 60 సెంటీమీటర్లకు పెంచాక 50తో కుదిరింది. ముందు గింజల మీద నూగు, చివర చేట పట్టుకున్న వాళ్లమ్మ చేతులు, రెండూ ఒకే ఫోటోలో స్పష్టంగా పంపాడు. వాడిన 50 ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇప్పుడు వెతుకుతున్నాడు.